దొరసాని కూర్చుంది

బావమరిది ఫోటో పేపర్లో పడ్డ రోజు బావకి కాఫీ చేదుగా తగిలింది. ఒక చెంచా పంచదార వేసుకున్నాడు. ఇంకో చెంచా వేసుకున్నాడు. కాఫీ పాకమైంది గానీ చేదు పోలేదు.

"ఏవండీ, చూశారా? మావాడు ఎంత బాగా పడ్డాడో!" అంటూ భార్య వంటింట్లోంచి కత్తెర పట్టుకుని వచ్చింది. ఫోటోలో ఆవిడ తమ్ముడు జీపు పక్కన మోకాలి మీద కూర్చుని, ఒక చెయ్యి కుక్క మెడ చుట్టూ వేసి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. కుక్క కెమెరా వైపు చూడటం లేదు, వాడి మొహంలోకి చూస్తోంది. బావ ఇందాకటి నుంచీ చూస్తున్నది ఆ చూపునే.

"వెలుతురు సరిగ్గా లేదు" అన్నాడు.

"ఎక్కడ, మీ మొహంలోనా?" అంది ఆవిడ. కత్తిరించిన ఫోటోని తీసుకెళ్ళి బీరువా అద్దానికి అంటించింది. ఇకమీదట తల దువ్వుకోవాలంటే బావ రోజూ బావమరిదిని తప్పించుకుని మిగిలిన అద్దంలో తన తలకాయని వెతుక్కోవాలి.

"అలుగు పొలుసుల మూట పట్టింది కుక్క. పేపరు వాళ్ళకి తెలీకపోతే నీకు కూడా తెలీదా?"

"కుక్కని పట్టుకున్నది మావాడు కదా!" అంది ఆవిడ. ఆ కుక్క గొలుసు నిన్నమొన్నటి దాకా ఎవరి చేతిలో ఉండేదో ఆవిడ మర్చిపోలేదు. మర్చిపోయినట్టు ఉంటే ఇంట్లో శాంతి ఉంటుందని అనుకుంది, అంతే. బావకి అది కూడా కడుపుమంటగానే తోచింది.

బావా బావమరిదీ పనిచేసేది అటవీ శాఖ జాగిలాల విభాగంలో. ఊరి చివర పొడుగాటి షెడ్డు, కుక్కలకి గదులు, ఒక స్టోరు, ఒక వంటగది. అడవి జంతువుల్నీ, వాటి గోళ్ళనీ చర్మాలనీ పొలుసులనీ దొంగచాటుగా దాటించే సరుకుని వాసన పట్టి చూపించడం ఆ కుక్కల ఉద్యోగం. అందులో దొరసాని ఘటికురాలు. అది మొరగదు, గీరదు. సరుకున్న పెట్టె ముందు వెనక కాళ్ళు మడిచి, తనకేదో కుర్చీ వేసినట్టు దర్జాగా కూర్చుంటుంది. అందుకే బావ దానికి ఆ పేరు పెట్టాడు. చెవులింకా నిలబడని వయసులో దాన్ని చంకలో వేసుకుని తెచ్చిందీ, గాజు సీసాల్లో వాసనలు చూపించి కూర్చోవడం నేర్పిందీ ఆయనే. మోకాలికి ఆపరేషన్ అయ్యాక, ఇక పెట్టెల వరసల మధ్య తిరగలేడని తేల్చి, గొలుసు బావమరిదికిచ్చి ఈయనకి స్టోరు తాళాలు ఇచ్చారు. అసలు బావమరిదిని అక్కడ చేర్చుకోమని రేంజర్ మేడమ్ ముందు చేతులు కట్టుకుని నిలబడింది కూడా ఈయనే. "మావాడు బంగారం మేడమ్" అన్నాడు ఆ రోజు. ఇప్పుడా మాట గుర్తొచ్చినప్పుడల్లా నాలుక కొరుక్కుంటున్నాడు.

పేరు కూడా పోయింది. ఇదివరకు అందరూ మాస్టారు అనేవాళ్ళు. కొత్తవాడు వచ్చి, నోరారా "బావా, బావా" అని పిలవడం మొదలుపెట్టాక, డ్రైవర్ దగ్గర్నుంచి ఊడ్చే ఆవిడ దాకా అందరికీ ఆయన బావే అయ్యాడు. ఊళ్ళో వాళ్ళందరికీ బావ కావడం ఎవరికైనా సరదాగా ఉంటుందేమో గానీ ఆయనకి తల కొట్టేసినట్టుంది.

అన్నిటికన్నా పెద్ద బాధ గిన్నె దగ్గర. జాగిలాల విభాగంలో ఒక కట్టుబాటు ఉంది. ఒక కుక్కకి ఒకే చెయ్యి. చెయ్యి మారితే పాత చెయ్యి దాన్ని పిలవకూడదు, తాకకూడదు, తిండి పెట్టకూడదు. ఆ రోజు కూడా బావ అన్నం మెత్తగా ఉడికించి, మాంసంలో ఎముకలు ఏరి, వేడి చూసి, గిన్నెని కిటికీ గట్టు మీద పెట్టి వెనక్కి జరిగాడు. బయటి నుంచి బావమరిది చెయ్యి వచ్చి గిన్నె తీసుకుంది.

"ఇవాళ గుమగుమలాడిపోతోంది బావా! నువ్వే వండావని దానికి తెలుసులే."

తెలిస్తే ఏం లాభం? దొరసాని గిన్నె నాకి నాకి మెరిపించి, తోక వాడి ముందు ఊపింది. వండేది నేను, తోక ఊపేది వాడికి అనుకున్నాడు బావ. నడుముకున్న తోలుసంచీ మీద చెయ్యి వేసుకున్నాడు. స్టోరు చూసేవాడికి ఆ సంచీతో పనిలేదు. అయినా రోజూ బెల్టుకి తగిలించుకునే వస్తాడు. అందులో ముడులు వేసిన పాత తువ్వాలు ఉంటుంది. దొరసాని సరుకు చూపించినప్పుడల్లా ఆ తువ్వాలు ఇచ్చి, దానితో కాసేపు గుంజులాట ఆడేవాడు. దాని జీతమంతా ఆ గుంజులాటే. గొలుసు తిరిగి ఇచ్చేశాడు గానీ ఆ తువ్వాలు ఇవ్వడానికి చేతులు రాలేదు.

మధ్యాహ్నం రేంజర్ మేడమ్ అందరినీ పిలిచింది. ముక్కుసూటి మనిషి. కూర్చోమనదు, తనూ కూర్చోదు.

"ఈ వారం స్టేషన్ పక్కన పార్సిల్ షెడ్డు మీదుగా అలుగుని పంపిస్తున్నారని కబురు. పొలుసులు కాదు, ప్రాణంతో ఉన్న అలుగు. ఏ పెట్టెలో, ఏ పేరు మీద అన్నది తెలీదు. చీమలు తిని బతికే జంతువు అది. పెట్టెలో పెడితే ఎక్కువ కాలం బతకదు. ఇప్పుడు దాటిపోతే ఇక మన చేతికి రాదు. రేపటి నుంచి రోజూ దొరసానిని తిప్పాలి. సాయం మనిషి సెలవులో ఉన్నాడు. నీళ్ళవీ మొయ్యడానికి బావగారు వెళ్తారు."

మేడమ్ నోటి నుంచి కూడా బావగారే వచ్చింది.

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య నవ్వింది. "అలుగు కోసం అంత దూరం వెళ్ళడం ఎందుకు? మన ఇంట్లోనే ఉంది. ముట్టుకుంటే చాలు, ఉండలా చుట్టుకుపోయి కూర్చుంటుంది" అంది. వాళ్ళతోనే ఉంటున్న బావమరిది నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళు పొలమారి దగ్గాడు. బావ లేచి వెళ్ళి పడుకున్నాడు.

పార్సిల్ షెడ్డులో గోనెసంచులు, చెక్కపెట్టెలు, అట్టపెట్టెలు వరసలు వరసలుగా ఉన్నాయి. జిగురు, ఆముదం, ఎండుమిరప, కొత్త రబ్బరు, అన్ని వాసనలూ కలిసి మనిషి ముక్కునే మూసేస్తున్నాయి. బావమరిది గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, దానికి ఎదురుగా దొరసానిని వదిలాడు. గొలుసు వదులుగా పట్టుకున్నాడు. అది ఒకసారి కింది పెట్టెల్ని, ఒకసారి పై పెట్టెల్ని మూచూస్తూ ముందు నడిస్తే, వాడు నోరు మూసుకుని వెనక నడిచాడు. ఒక వరస కాగానే ఆపి, నీళ్ళు తాగించి, నీడలో పడుకోబెట్టాడు. రొప్పే కుక్కకి ముక్కు పనిచెయ్యదు.

బావ స్తంభం పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకుని నిలబడి తప్పులు ఏరాడు. గొలుసు మరీ వదులు. మాట్లాడడేం? నోట్లో ముత్యాలున్నాయా? ఆ మూల పెట్టె దగ్గర ఇంకొంచెం ఆపాలి కదా. నేనైతే ఆపేవాణ్ణి. నేనైతే ఇక్కడ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి... అలా మనసులోనే వాడి చేతిలోంచి గొలుసు లాక్కుని దొరసానిని నడిపించడం మొదలుపెట్టాడు. నడిపిస్తూ నడిపిస్తూ, పాత అలవాటు కొద్దీ కుడిచెయ్యి నడుము సంచీ మీదికి పోయింది. బొత్తాం టక్కున ఊడింది.

దొరసాని తలెత్తింది. బావని చూసింది, ఆయన చేతిని చూసింది. తన ముందున్న చెక్కపెట్టె ఎదుట దర్జాగా కూర్చుంది.

షెడ్డంతా గుమిగూడింది. మేడమ్ పెట్టె తెరిపించింది. గడ్డి, గడ్డిలో దీపాల దుకాణానికి వెళ్ళే గాజు చిమ్నీలు. అడుగు దాకా తీశారు. చిమ్నీలే. దుకాణదారు వచ్చి, ఒకటి పగిలిందని, తన పరువు పోయిందని నానా యాగీ చేశాడు. పార్సిల్ గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుంటూ, "కుక్కగారికి కాళ్ళు నొప్పులేమో, కాసేపు కూర్చుంది పాపం" అన్నాడు. బావమరిది మొహం కందగడ్డ అయింది. నేల మీద కూర్చుని ఒక్కొక్క చిమ్నీనీ వాడే మళ్ళీ గడ్డిలో సర్దాడు.

బావ గుండె దడదడలాడింది. భయంతో అనుకున్నాడు మొదట. కాసేపటికి అర్థమైంది, అది సంతోషం. ఇంకా నన్నే చూస్తోంది. వాడి గొలుసుకి కట్టి ఉన్నా నా చేతినే చూస్తోంది.

ఆ సాయంత్రం బావమరిది అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికాడు. "తినరా, ఎప్పుడూ ఒకేలా ఉంటుందా ఏంటి?" అని అక్క బతిమాలింది. బావ మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు. ఎన్నాళ్ళకో ఆకలి తెలిసింది.

"పోనీలేరా. అందరికీ జరిగేదే" అన్నాడు, నోటి నిండా ముద్ద పెట్టుకుని. ఆ ఓదార్పు ఎంత తియ్యగా ఉందో ఆయనకే తెలుసు.

బావమరిది తలెత్తాడు. "బావా, ఆ పాత తువ్వాలు ఇంకా నీ సంచీలోనే ఉందా?"

"ఏ తువ్వాలు? ఉతికి ఎప్పుడో స్టోర్లో పడేశాను."

వాడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు బావ చేసింది అలవాటు కొద్దీ చేసింది కాదు. ఆ సంగతి ఎంత దాచినా దాగదు కనుక చెప్పేయడమే మేలు. కుక్కకి తను బాగా కనిపించేలా వరస చివర నిలబడ్డాడు. బకెట్ కింద పెట్టి చేతులు ఖాళీ చేసుకున్నాడు. ఒక్కసారి, ఇంకొక్కసారి అంతే, అది నాదేనని చూసుకుంటాను అనుకున్నాడు. దొరసాని వరస మధ్యకి రాగానే సంచీ బొత్తాం ఊడదీసి లోపల చెయ్యి పెట్టాడు. తువ్వాలు ముడి వేళ్ళకి తగిలింది.

దొరసాని కూర్చుంది.

ఈసారి ఆ పెట్టె ఆసుపత్రికి వెళ్ళే మందులది. చల్లదనం పోకుండా మంచు మధ్య పెట్టి, చుట్టూ సీలు వేసి పంపిస్తున్నారు. గుమాస్తా వద్దని మొత్తుకున్నాడు. మేడమ్ దొరసాని మాట మీద నమ్మకంతో సీలు తెంపించింది. లోపల మందులే ఉన్నాయి. మంచు కరిగి నేల మీదికి కారింది. ఆసుపత్రి వాళ్ళు సీలు తెగిన పెట్టె తీసుకునేది లేదన్నారు. ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. మేడమ్ ప్రతిదానికీ నిలబడే జవాబు చెప్పింది.

ఆ మందులు ఎవరి కోసమో అన్న ఆలోచన బావని ఒక్కసారి పొడిచింది. దాన్ని పక్కకి నెట్టాడు. చివరి ఫోన్ పెట్టేశాక మేడమ్ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అన్నాడు. "మేడమ్, నా మోకాలు ఇప్పుడు బాగానే ఉంది. మీరు సరేనంటే దొరసానిని మళ్ళీ నేనే..."

"మీకిచ్చి ఏం లాభం బావగారూ?" మేడమ్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అబద్ధం చెప్పడం మరిగిన ముక్కు ఎవరి చేతిలో ఉన్నా ఒకటే. పైవాళ్ళు ఉత్తర్వు ఇచ్చేశారు. ఇక దాని మాట మీద ఒక్క పెట్టె కూడా తెరవడానికి లేదు. ఎల్లుండి దాన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారు. మీ బావమరిది గేటు కాపలాకి వెళ్తాడు."

"తీసేస్తే దొరసాని ఎక్కడికి పోతుంది?"

"ఎవరైనా పెంచుకుంటామంటే ఇచ్చేస్తారు. మీరు పెంచుకుంటారా?"

బావ ఊఁ అంటే చాలు, దొరసాని ఇంటికే వస్తుంది! కట్టుబాటు ఉండదు, కిటికీ గట్టు ఉండదు. పొద్దున్నే తన చేతి గిన్నెలో తిని తనకే తోక ఊపుతుంది. బావమరిది గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడతాడు. ఇంతకన్నా ఏం కావాలి? ఇంటికి నడుస్తూ పెరట్లో ఎక్కడ నీడ పడుతుందో, ఎక్కడ చాప వెయ్యాలో లెక్క చూసుకున్నాడు. అద్దం మీది ఫోటో వైపు చూస్తే జాలి కూడా వేసింది. గెలిచినవాడికి జాలి తేలిగ్గా వస్తుంది.

తెల్లవారి పార్సిల్ షెడ్డుకి వెళ్ళాల్సిన పని నిజానికి లేదు. బావమరిదే మేడమ్ ని పట్టుకుని వదల్లేదు. "ఒక్క రోజు మేడమ్. కబురు అబద్ధం కాదని మీరే అన్నారు. అది ఇవాళో రేపో దాటిపోతుంది."

"తిప్పుకో. కూర్చున్నా తెరవను. ఆ సంగతి ముందే చెప్తున్నా" అంది మేడమ్.

సరుకు ఎక్కించే బండి షెడ్డుకి ఆనుకుని నిలబడి ఉంది. హమాలీలు ఒక పక్క నుంచి పెట్టెలు ఎక్కించేస్తున్నారు. ఎండ అప్పుడే రేకుల మీద పేలుతోంది. షెడ్డులో కుళాయి పాడైతే, బావ వెనక వీధి కుళాయి దగ్గర రెండు బకెట్లూ నింపుకుని, రెండు చేతులా పట్టుకుని, మోకాలు కలుక్కుమంటుంటే ఆగి ఆగి వచ్చాడు. వెనక గుమ్మంలోంచి లోపలికి అడుగు పెట్టేసరికి దొరసాని వీపు కనిపించింది.

కూర్చుని ఉంది.

మోటారు సామాన్లు అని రంగుతో రాసిన పెద్ద చెక్కపెట్టె ముందు. వీపు నిటారుగా, చెవులు ముందుకి పెట్టి. బావ వైపు చూడలేదు. ఆయన వచ్చిన సంగతే దానికి తెలీదు. అది తలెత్తి చూస్తున్నది బావమరిది మొహంలోకి. ఫోటోలో చూసినట్టే.

"ఇదిగో, మళ్ళీ కూర్చుంది!" గుమాస్తా పగలబడి నవ్వాడు. "దీనికొక కుర్చీ తెప్పించండయ్యా!" హమాలీలు కూడా నవ్వారు.

బావమరిది గబుక్కున తల తిప్పి షెడ్డంతా వెతికాడు. వెనక గుమ్మంలో బావ కనిపించాడు. వాడి చూపు బావ మొహం మీద ఆగలేదు. కిందికి దిగి చేతుల మీద ఆగింది. రెండు చేతుల్లో రెండు బకెట్లు. ఇంకా నీళ్ళు తొణుకుతూనే ఉన్నాయి.

వాడు మేడమ్ వైపు తిరిగాడు. "మేడమ్, ఇది నిజం. ఈ పెట్టె తెరవాలి."

"నిన్నా ఇలాగే కూర్చుంది."

"నిన్నటి సంగతి వేరు మేడమ్."

"ఏంటి వేరు? చెప్పు."

బావమరిది నోరు తెరిచాడు. ఒక్కసారి బావ వైపు చూసి, నోరు మూసుకున్నాడు. "నాకు తెలుసు మేడమ్, అంతే" అన్నాడు, తలదించుకుని.

బావకి అర్థమైంది. వీడికి తెలుసు. నిన్నటిది తెలుసు, మొన్నటిది తెలుసు. తువ్వాలు సంగతి అందుకే అడిగాడు. తెలిసి కూడా నేల మీద కూర్చుని చిమ్నీలు సర్దాడు, గేటు కాపలాకి సరేనన్నాడు. ఇప్పుడు కూడా, ఇంత అవసరంలో కూడా, బావ పేరు చెప్పడు.

"ఎక్కించండి" అంది మేడమ్. ఆవిడ గొంతులో ఇష్టం లేదు, ఉత్తర్వు ఉంది. హమాలీలు పెట్టెకి రెండు పక్కలా తాళ్ళు వేశారు. పెట్టె లేచింది. దొరసాని లేచి దాని వెంట రెండడుగులు వేసి, మళ్ళీ దాని ముందే కూర్చుంది. ఎవరూ పట్టించుకోలేదు.

ఊరుకుంటే చాలు. అసలేమీ చెయ్యక్కర్లేదు. బకెట్లు పట్టుకుని అలాగే నిలబడితే రేపటికల్లా దొరసాని పెరట్లో ఉంటుంది. బావ ఆ మాట స్పష్టంగా అనుకున్నాడు. అనుకుంటూనే, మూచూసిన ప్రాణి గురించి చెప్పడానికి దానికున్న ఒక్క పద్ధతితో, తను నేర్పిన పద్ధతితో, అందరి నవ్వుల మధ్యా నేల మీద పట్టుదలగా కూర్చున్న ఆ కుక్కని చూశాడు. అది అబద్ధం చెప్పడం లేదు. అబద్ధం తనది.

బకెట్లు కింద పెట్టాడు. నీళ్ళు చెప్పుల మీద చిందాయి.

"పెట్టె దించండి" అన్నాడు. గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే హమాలీలు దించేశారు. "మేడమ్, ఒక్కసారి దాన్ని మీ బల్ల పక్క నుంచి నడిపించమనండి."

"బావా, వద్దు" అన్నాడు బావమరిది.

"నడిపించరా!"

బావమరిది అడుగు వేశాడు. దొరసాని పెట్టెని వదల్లేక వదల్లేక లేచింది. బల్ల మీద మేడమ్ అన్నం డబ్బా, చేతిసంచీ ఉన్నాయి. అది అక్కడికి రాగానే బావ దానికి ఎదురుగా నిలబడి, సంచీ బొత్తాం ఊడదీసి లోపల చెయ్యి పెట్టాడు. దొరసాని ఆ చేతిని చూసింది. మేడమ్ అన్నం డబ్బా ముందు కూర్చుంది.

ఈసారి గుమాస్తా నవ్వలేదు.

"నిన్నా మొన్నా అది కూర్చున్నది ఆ పెట్టెల కోసం కాదు మేడమ్. ఈ చెయ్యి కోసం." బావ తువ్వాలు బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. "మొదటిసారి చెయ్యి దానంతటదే పోయింది. రెండోసారి నేనే పోనిచ్చాను. మావాణ్ణి చూసి ఓర్వలేక చేశాను. ఇందాక నా చేతుల్లో బకెట్లున్నాయి. వాడు చూశాడు, అడగండి."

మేడమ్ ఆయన్ని ఒక్క క్షణం చూసింది. "బయటికి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడండి" అంది. ఆ తర్వాత హమాలీలతో, "ఆ పెట్టెని వేరే వరసలో కలిపెయ్యండి. కుక్కని మళ్ళీ మొదట్నుంచి తిప్పు" అంది.

బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడకి సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది. ఆ పెచ్చుల్ని చూస్తూ వెనక నుంచి వచ్చే చప్పుళ్ళు విన్నాడు. పెట్టెలు జరిగాయి. దొరసాని గోళ్ళు నేల మీద టకటకమన్నాయి, ఆగాయి, సాగాయి, ఆగాయి. ఆ తర్వాత సాగలేదు. మేకులు కిర్రుమంటూ ఊడాయి. ఇనుప ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి నేల మీద పడ్డాయి. చెక్క విరిగింది.

"ఉంది మేడమ్" అన్నాడు బావమరిది, రహస్యం చెప్తున్నట్టు. "తడి గోనెలో చుట్టారు. ప్రాణంతోనే ఉంది. ఆగండాగండి, విప్పకండి. లోపల పిల్ల కూడా ఉంది. చిన్న తోక కనిపిస్తోంది."

కొంచెం సేపటికి ఇంకో చప్పుడు వినిపించింది. తువ్వాలు ఫట్ మని విదిలించిన చప్పుడు, దాని వెంట దొరసాని గొంతులోంచి గురగుర. గుంజులాట. తల్లీ పిల్లా బతికినందుకు బావ కళ్ళు తడిశాయి, అది నిజం. ఆ గురగుర విని కడుపు మండింది, అదీ నిజమే. మంచిపని చేసినంత మాత్రాన ఈర్ష్య మర్యాదగా లేచి వెళ్ళిపోదని ఆయనకి ఆ గోడ దగ్గరే తెలిసింది.

మధ్యాహ్నం పశువుల డాక్టర్ వచ్చేదాకా అలుగుని స్టోర్లో ఉంచారు. కిటికీ తలుపులు మూసి, పెట్టె మీద సగం దాకా గోనె కప్పారు. తాళాలు అప్పజెప్పడానికి వచ్చిన బావ గుమ్మంలో ఆగిపోయాడు. బావమరిది పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. చప్పుడు చెయ్యొద్దని వేలితో సైగ చేసి, పక్కన చోటు చూపించాడు.

అలుగు ఇంకా ఉండలా చుట్టుకునే ఉంది. పొలుసు మీద పొలుసు బిగించి, పిల్లని పొట్టలో దాచుకుని. ఇద్దరూ చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

"మొదటి రోజే చూశాను బావా" అన్నాడు బావమరిది.

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"చెప్తే నీ ఉద్యోగం పోతుంది కదా. అక్క మొహం ఎలా చూడను?"

"అలుగు పోతుంటే కూడా?"

వాడు పెట్టె మీది గోనె అంచు సర్దాడు. "నాకు భయం వేసింది. నువ్వు బకెట్లు కింద పెట్టకపోతే చెప్పేవాణ్ణో లేదో నాకే తెలీదు."

బావకి వాడి జుట్టు పట్టుకుని వంచాలనిపించింది, దగ్గరికి లాక్కోవాలనీ అనిపించింది. ఓర్పులో కూడా వీడే గెలిచాడు వెధవ అనుకున్నాడు. పైకి మాత్రం, "గొలుసు వదులుగా పట్టుకుంటున్నావు" అన్నాడు.

"బిగిస్తే నన్ను చూస్తుంది బావా. వదిలితే పెట్టెని చూస్తుంది."

బావ తన చేతివైపు చూసుకున్నాడు. తను అన్నేళ్ళూ గొలుసు బిగించే పట్టుకున్నాడు. చేతిని చూడటం దానికి ఇంకెవరు నేర్పారు?

పెట్టెలో చిన్న కదలిక. పొలుసులు ఒకదాని నుంచి ఒకటి మెల్లగా వీడాయి. పొడుగాటి మూతి ఒకటి బయటికొచ్చి గాలి వాసన చూసింది. ఎవరూ విప్పకుండానే తల్లి కాస్త కాస్తగా విప్పుకుంది. పిల్ల దాని తోక మీదికి పాక్కుంటూ ఎక్కింది.

దొరసానిని తీసేసే ఉత్తర్వు ఆగిపోయింది. బావని ఉద్యోగం నుంచి పక్కన పెట్టిన కాగితం సాయంత్రమే చేతికిచ్చింది మేడమ్. విచారణ అయ్యేదాకా ఆవరణలోకి రాకూడదు. "సంచీ కూడా ఇచ్చెయ్యండి" అంది. బెల్టు నుంచి విప్పి ఇచ్చాడు. "మీరే చెప్పారని రాస్తాను మాస్టారూ" అంది ఆవిడ. ఆ పిలుపు విని సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక బావ తలూపాడు.

ఇంటికెళ్ళి భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. వంటింట్లోకి వెళ్ళి అన్నం పెట్టుకొచ్చి ముందు పెట్టింది. "తినండి" అంది, మొహం చూడకుండా. ఆ రోజు ఆయన మెతుకులు కెలికాడు.

మర్నాడు పొద్దున మిగిలిన చొక్కా, చెప్పులు తెచ్చుకోవడానికి గేటు దాకా వెళ్ళాడు. అదే వేళకి తల్లినీ పిల్లనీ అడవిలో వదలడానికి జీపు బయల్దేరుతోంది. బావమరిది దొరసానిని తీసుకొచ్చాడు.

గేటు అవతల నిలబడ్డ మనిషిని చూడగానే దొరసాని ఆగిపోయింది. చెవులు లేచాయి. తోక ఊపాలా వద్దా అన్నట్టు సగంలో నిలిచింది. దాని చూపు ఆయన మొహం మీద నుంచి దిగి నడుము దగ్గర ఆగింది. సంచీ లేదు. చెయ్యి ఉంది. అది ఆ చేతినే చూస్తూ వెనక కాళ్ళు మడవబోయింది.

బావ చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టుని గట్టిగా పట్టుకున్నాడు.

దొరసాని చూసింది. ఇంకా కాసేపు చూసింది. చూడటానికి ఏమీ లేకపోయేసరికి తల తిప్పి బావమరిది మొహంలోకి చూసింది. వాడు ఏమీ అనలేదు, గొలుసు లాగలేదు. అదే ఎగిరి జీపెక్కింది.

బావమరిది వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. బావ ఊపలేదు. జీపు మలుపు తిరిగి దుమ్ము అణిగేదాకా చేతులు వెనకే పెట్టుకుని నిలబడ్డాడు.